రెండు పెడళ్ళ బండి

నేను ఒక గేర్‌బాక్సును. క్లచ్చి పెడలు లేని కారులో, ఇంజను పక్కన, ఎవరి కంటికీ కనపడకుండా పద్దెనిమిదేళ్ళు పనిచేసినదాన్ని. మీరెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ మీలో ఎవరైనా పొద్దున్నే బనియనుతో వచ్చి, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, ‘ఇందులో ఏముంది, నేనే చూసేస్తాను’ అనుకునే రకమైతే ముందే చెప్పేస్తున్నాను. మీరంటే నాకు ఒళ్ళుమంట.

సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో నన్ను తయారుచేశారు. దుమ్ము రేణువు కూడా రానివ్వని గది, తెల్ల గ్లౌజులు, తలకి టోపీలు. ఒక్కో భాగాన్నీ కొలిచి, తుడిచి, మళ్ళీ కొలిచి నాలో బిగించారు. చివర్లో దానిమ్మరసం లాంటి ఎర్రటి నూనె పోశారు. నాలో పనంతా ఆ నూనెదే. గేర్లు మార్చేదీ, చక్రాలకి ఊపునిచ్చేదీ, లోపలి పళ్ళు అరిగిపోకుండా కాపాడేదీ అదే. దాన్ని అన్ని మూలలకీ తోసేది నాలో ఉన్న ఒక చిన్న పంపు. ఆ పంపు ఇంజనుతోనే తిరుగుతుంది, ఇంజనుతోనే ఆగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఇది తెలియకే ఒక మనిషి నన్ను చంపాడు.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక లేడీ డాక్టరు. తన కారులో గేర్‌బాక్సు అనేదొకటి ఉందని కూడా ఆవిడకి తెలియదు. ఎక్కేది, లివరు లాగేది, వెళ్ళేది. ఏడాదికోసారి షోరూముకి పంపేది. అంతకంటే మర్యాద నేనెవరి నుంచీ ఎరగను. ఆవిడ తరవాత ఒక ఫంక్షన్ హాలు యజమాని కొనుక్కున్నాడు. బండి ముందుకి పోతుండగానే లివరుని వెనక్కి లాగేసేవాడు. లాగినప్పుడల్లా నా ఎముకలు కదిలిపోయేవి. అయినా అతను నాకేం జబ్బో చెప్పే సాహసం చెయ్యలేదు గనక అతన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

మూడో యజమాని వరహాలక్ష్మి. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియను. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుపడింది. తొడ దాకా ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని నడుస్తుంది. క్లచ్చి తొక్కే కాలు లేదు గనక రెండు పెడళ్ళ బండే కావాలని ఊరంతా వెతికి నన్ను పట్టుకుంది. పదకొండేళ్ళు గాజువాక నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి ఇంటికి తనే నడుపుకుంది. ఆ కాలేజీ ఒక మిట్ట మీద ఉంటుంది. బస్సు మిట్ట కిందే ఆగుతుంది. ఆ చివరి అర కిలోమీటరు ఎక్కించేదాన్ని నేనే. ఆమె నన్ను పొగిడిందీ లేదు, పూలదండ వేసిందీ లేదు. బ్రేకు మీద కాలు పెట్టి, లివరు మార్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కదిలించేది. ఆ క్షణం నాకు చాలా అవసరం. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు.

ఇక ఆమె భర్త గౌరీశ్వరరావు గురించి. ఊరికి నీళ్ళిచ్చే పంపుహౌసులో ముప్పై మూడేళ్ళు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. చెడ్డవాడు కాదని వీధిలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. రిటైరైన మనిషికి తీరికా, ఫోనూ రెండూ దొరికితే ఆ ఇంట్లో ఏ వస్తువుకీ భద్రత ఉండదు. నా దగ్గరికొచ్చే ముందే ఆయన మిక్సీనీ, గోడ గడియారాన్నీ, గ్యాసు లైటర్నీ ‘బాగుచేశాడు’. మూడూ అటక మీదున్నాయి.

రిటైరైన వారం నుంచే ఆయనకి ఆదివారాలు నేను కావలసివచ్చాను. యారాడ కొండకి అవతల ఆయనకి కాస్త జీడితోట ఉంది. కొండ ఎక్కేదాకా బాగానే ఎక్కేవాడు. పైకి చేరి దిగుడు మొదలవగానే లివరు న్యూట్రల్లోకి తోసి, ఇంజను ఆపేసేవాడు. స్టీరింగు తాళం పడకుండా కీని ఒక గడి దగ్గర నిలిపేవాడు. మలుపు మీద మలుపు, కొండ కింద దాకా బండి దానంతటదే దొర్లాలి. పాత జీపులు నడిపిన రోజుల్లో నేర్చుకున్న కిటుకట. చుక్క పెట్రోలు ఖర్చు కాకుండా సముద్రం దాకా వచ్చేశానని తోట కాపలాదారుకి చెప్పి మురిసిపోయేవాడు.

పాత జీపుకి అది చెల్లుతుంది. నాకు చెల్లదు. ఇంజను ఆగితే నా పంపు ఆగింది. చక్రాలు మాత్రం తిరుగుతూ నా లోపలి భాగాల్ని తిప్పుతూనే ఉన్నాయి. నూనె అడుగున ఉంది, పైన ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది. ప్రతి ఆదివారం ఆ కొండ దిగుడంతా నేను మాడాను. ఆయన ఈలపాట పాడుకునేవాడు.

ఏడాదిన్నర ఓర్చుకున్నాను. తరవాత వేడికి, నూనెని ఆపే రబ్బరు సీళ్ళు గట్టిపడి నూనె కారడం మొదలైంది. ఇంటి ముందు నేల మీద రోజుకి రెండు మూడు ఎర్రటి చుక్కలు. గౌరీశ్వరరావు వాటిని చూశాడు, వంగి మరీ చూశాడు. చూసి, కిళ్ళీ ఉమ్మేసి పోతున్నారని వీధి చివర ఆటోవాళ్ళతో పోట్లాడి వచ్చాడు. గేటు దగ్గర ‘ఉమ్మరాదు’ అని బోర్డు కూడా కట్టాడు.

అప్పటికే బండి మిట్ట మీద తడబడుతోంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు, కదిలితే ఎగిరి పడుతుంది. ఒకరోజు కాలేజీ మిట్ట మధ్యలో, వెనక లారీ హారన్ కొడుతుండగా, వరహాలక్ష్మిని నేను నిలబెట్టేశాను. ఆమె కంగారుపడలేదు. చేతి బ్రేకు వేసి, రెండు నిమిషాలు ఆగి, మెల్లగా ఎక్కించుకుంది. ఆ సాయంత్రం మెకానిక్కి చూపిద్దామంది. నేనుండగా మెకానిక్కెందుకని ఆయన బానెట్ ఎత్తాడు.

అప్పట్నుంచి ఆరు నెలలు నాకు ఇంట్లోనే వైద్యం.

నాలో నూనె ఎంతుందో చూడటానికి పసుపు పిడి ఉన్న ఒక సన్నటి ఉక్కు పుల్ల ఉంటుంది. బండి కాసేపు తిరిగి వేడెక్కాక, చదునైన చోట, ఇంజను ఆడుతుండగా తీసి చూడాలి. ఆయన స్నానం చేసి విభూతి పెట్టుకుని, తెల్లారి చల్లగా ఉన్న బండిలో, ఇంజను ఆపి తీసేవాడు. ఇంజను ఆగి ఉంటే పైనున్న నూనంతా అడుక్కి దిగి పుల్లకి నిండుగా అంటుకుంటుంది. ఆయన దాన్ని లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ ముంచి, చూసి, నూనె నిండుగా ఉందని తేల్చేశాడు. ఎర్రటి నూనె కాఫీ రంగుకొచ్చింది, అది తోచలేదు. మాడు వాసన కొడుతోంది, పక్కింట్లో పోపు మాడిందనుకున్నాడు.

ఇంకో ఆదివారం వీడియో చూసి వచ్చి ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాడు. బ్రేకు తొక్కిపెట్టి, లివరుని బండి ముందుకి నడిచే ‘డీ’ గుర్తులో వేసి, ఇంజనుని పైకి అరిపించాడు. ఆ పరీక్ష ఐదు సెకండ్లకి మించి చెయ్యకూడదని ఆ వీడియోలో మనిషి చెబుతూనే ఉన్నాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ, నిమిషం పాటు, ఈయన చేస్తూనే ఉన్నాడు. సరిగ్గా వినలేదనుకుని ఇంకోసారి చేశాడు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మాత్రం ఇనప ఊచ సంగతి. పంపుహౌసు వాళ్ళకి ఒక అలవాటుంది. మోటారు లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే పొడుగాటి ఊచ ఒక కొస యంత్రానికి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని వింటారు. గౌరీశ్వరరావు దానిలో దిట్ట. చెవితోనే బేరింగు వయసు చెప్పేవాడని పేరు. ఆయన ఆ ఊచ తెచ్చి నా ఒంటికి ఆనించాడు. నేను ఉన్న సత్తువంతా కూడగట్టుకుని ఆ చెవిలో కూశాను. నూనె చాలక, గాలి మింగుతూ నా పంపు పెడుతున్న కూత అది. ఆయన మొహం మారింది. ఆ కూత ఆయన ముప్పై మూడేళ్ళు విన్నదే. వేసవిలో బావి అడుగంటితే ఆయన పంపులు పెట్టే కూత అదే.

ఊచ దించి, నవ్వుకుని, పక్కింటాయనతో అన్నాడు.

“అచ్చంగా గాలి పట్టిన పంపులాగే కూస్తందండీ. గేరుబాక్సులో పంపెందుకుంటాది, నా చెవులే పోయినట్టున్నాయి.”

రోగం పేరు నోటితో చెప్పి, తనే కొట్టిపారేసిన వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్నది కోపం కాదు, పగ.

నాలో తప్పు దొరకలేదు గనక ఇక నడిపేవాళ్ళలో వెతకాలి. నడిపేవాళ్ళిద్దరు. రెండో మనిషి తనేనన్న ఆలోచన ఆయనకి రాలేదు. ఒక సెలవురోజు పొద్దున వరహాలక్ష్మిని సీట్లో కూర్చోబెట్టి, వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి ఆరుసార్లు నడిపించాడు. తను పక్కన తలుపు తీసిపెట్టుకుని, వంగి, ఆమె పాదాలు చూస్తూ నడిచాడు. అరుగుల మీద జనం చేరారు. కూరలబండి ఆగింది. ఎవరో ఆడవాళ్ళ డ్రైవింగు గురించి ఏదో అంటే ఎవరో నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, చూపు మాత్రం ముందుకే ఉంచింది. నేను ఆ రోజు ఒక్కసారి కూడా జారకూడదని ప్రయత్నించాను. నా చేతుల్లో ఏముంది, ఐదోసారి జారాను.

అప్పుడాయన నలుగురిలో అడిగాడు.

“రెండో కాలుతో బ్రేకు గాని తొక్కుతున్నావేటి, నీకు తెలీకుండా?”

ఆమె ఇంజను ఆపింది. భర్త మొహంలోకి చూసి, గొంతు పెంచకుండా జవాబు చెప్పింది.

“ఆ కాలికి బ్రేకు తొక్కే బలవుంటే ఈ బండే కొందునా నేను?”

నవ్వినవాళ్ళు ఆగారు. ఆయన ఆగలేదు. బాగయ్యేదాకా నువ్వు తియ్యకు, ఎక్కడైనా మిట్టలో ఆగిపోతే ప్రమాదం అని చెప్పి, కీ బండిలోంచే లాగి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆయన నిజంగానే భయపడ్డాడేమో, నేను కాదనను. భయపడే మనిషి ఆదివారం మళ్ళీ నన్నేసుకుని కొండెక్కాడే, అది కదా నాకర్థం కానిది.

ఆ మర్నాటి నుంచి వరహాలక్ష్మి ఆటోలో వెళ్ళింది. ఆటో మెట్టు ఆమెకి ఎత్తు. ముందు చేతికర్ర లోపల పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒళ్ళంతా పైకి లాక్కుని, ఆ తరవాత ఇనప బూటుని చేత్తో ఎత్తి లోపలికి పెట్టుకునేది. డ్రైవర్లు విసుక్కునేవారు. ఇద్దరు ముగ్గురు ఆపి, చేతికర్ర చూసి వెళ్ళిపోయారు. నేను గేటు లోపల నిలబడి రోజూ ఇదే చూశాను. లైబ్రరీ తెరిచే వేళకి అందలేకపోతోందని, వేరే కొలువేదైనా ఇంటి దగ్గర చూసుకోమని ప్రిన్సిపాలు మెత్తగా చెప్పాడని ఒక సాయంత్రం భర్తతో అంది. మానేస్తే పోలా అన్నాడాయన. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది ఆమెకి. పుస్తకాల మధ్య తప్ప ఇంకెక్కడా ఆమె నవ్వగా నేను వినలేదు.

ఆమె ఆటోలెక్కడం మొదలైన మూడో నెలలో, తోటలో కొత్తగా వేయించిన రేకుల షెడ్డు చూపిస్తానని ఆమెని కూడా ఎక్కించుకున్నాడు. పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని కొండ దిగడం ఆయనకదే మొదటిసారి. పైకి చేరగానే ఎప్పట్లాగే న్యూట్రల్లో వేసి ఇంజను ఆపాడు. బండిలో గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆమె డాష్‌బోర్డు వైపు చూసింది, తరవాత ఆయన వైపు.

ఇంజనెందుకు ఆపారని అడిగింది. ఆయన సంతోషంగా చెప్పాడు, కిటుకు మొత్తం చెప్పాడు. ఎప్పట్నుంచి చేస్తున్నారంది. రిటైరైన కాడ్నించి ప్రతి ఆదివారమూ అన్నాడు. ఆమె కిటికీ అద్దం పైకెత్తి, కొండ కింద దాకా నన్నే వింటూ కూర్చుంది. పద్దెనిమిదేళ్ళలో నన్ను విని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

తిరుగు ప్రయాణంలో, అదే కొండ ఎక్కుతూ రెండో మలుపులో నా పని అయిపోయింది. ఇంజను గొంతు చించుకుంది, చక్రాలు కదల్లేదు. బానెట్ కింద నుంచి పొగ వచ్చింది. ట్రాక్టరు వాడొకడు తాడు కట్టి లాక్కొచ్చి గాజువాక ఆటోనగర్లో జిలానీ అనే మెకానిక్కు షెడ్డు ముందు వదిలిపెట్టాడు.

జిలానీ మితభాషి. మర్నాడు నా అడుగున ఉన్న పళ్ళెం విప్పి, అందులో మిగిలిన నల్లటి బురదని వేలితో తీసి, వాసన చూసి, గుడ్డకి తుడిచేశాడు. భార్యాభర్తలిద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. బండెవరు నడుపుతారని అడిగాడు. మా ఆవిడే, ఆవిడకి కాలు కాస్త, అని గౌరీశ్వరరావు సగంలో ఆపాడు. జిలానీ ఆ బూటు వైపు చూసి తల దించుకున్నాడు.

తరవాత అతను సంగతి చెప్పాడు. లోపల గేర్లని పట్టి ఉంచే ప్లేట్లు పూర్తిగా కాలిపోయాయి, నన్ను బాగుచెయ్యడం కుదరదు. నాలాంటిది ఇంకోటి దొరకడం కష్టం, దొరికినా ఎన్నాళ్ళకో చెప్పలేడు. నన్ను పీకేసి మామూలు గేర్‌బాక్సు, క్లచ్చి పెడలు పెట్టేయడం మాత్రం మూడు రోజుల పని. పాత ఆటోమేటిక్ బండ్లకి అందరూ అదే చేయిస్తున్నారట. గౌరీశ్వరరావుకి పెద్ద బరువు దిగినట్టయింది.

“వేసీ బాబూ, వేసీ. బండి బతికితే చాలు. నాను తిప్పుకుంటాను, ఆవిణ్ణి కాలేజీకి నానే దింపుతాను.”

గమనించారా? బండి బతుకుతుంది, దాన్ని నడిపే మనిషి మాత్రం జీవితాంతం ఎడమ సీట్లో కూర్చోవాలి. ఆ మనిషి పక్క కుర్చీలోనే ఉంది. ఆమెనెవరూ అడగలేదు.

వరహాలక్ష్మి జిలానీ వైపు తిరిగింది. అతన్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది. ఈ ప్లేట్లు ఇలా కాలిపోవడానికి ఏం చేసి ఉండాలి?

అతను నా పంపుని విప్పి, అరచేతిలో పెట్టుకొచ్చి ఇద్దరికీ చూపించాడు. ఇంజను తిరిగితేనే ఇది తిరుగుతుందమ్మా అన్నాడు. ఇది తిరిగితేనే నూనె పైకొస్తుంది. ఇంజను ఆపేసి బండిని వాలులో దొర్లించారంటే ఇది ఆగిపోతుంది, లోపలంతా ఎండిపోయి తిరుగుతుంది, అదే పనిగా చేస్తే ఇలా మాడిపోతుంది. కాలేజీకెళ్ళి వచ్చే బండికి ఇలా అవదు, ఎవరైనా ఘాట్‌లో అలా దించేవారా అని అడిగాడు.

గౌరీశ్వరరావు ఆ పంపుని తీసుకున్నాడు. బొటనవేలితో పళ్ళు తిప్పి చూశాడు. ముప్పై మూడేళ్ళలో ఒక్క పంపుని కూడా ఎండిపోయి తిరగనివ్వలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నీళ్ళు లేనప్పుడు పంపు ఆడించినందుకు ఒక ఆపరేటర్ని నెలరోజులు పనిలోకి రానివ్వలేదట. ఇప్పుడా పంపుని వెలుతురుకి ఎత్తి, అరిగిన పళ్ళు ఒక్కొక్కటే చూశాడు. నాకు జాలి వేసిందని రాయమంటారేమో. వెయ్యలేదు. ఇంకా బాగా చూడు అనుకున్నాను.

జిలానీ జవాబు కోసం చూస్తున్నాడు. ఆమె కూడా చూస్తోంది. ఆమె చెప్పగలదు, కొండ దిగుడు మొత్తం విన్నది. చెప్పలేదు.

“మీరే చెప్పండి” అంది భర్తతో.

ఆయన పంపుని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“నానే” అన్నాడు గౌరీశ్వరరావు. “పెతి ఆదివారం ఇంజను ఆపీసి దించీవోణ్ని. దీని తప్పేటీ లేదు. ఊరందరి ముందరా దీని కాలినన్నాను.”

జిలానీ ఏదో పనున్నట్టు లోపలికెళ్ళిపోయాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. మాటల్లేకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వీధిలో ఆరుసార్లు నడిపించిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు గాని, దగ్గరికెళ్ళే ధైర్యం లేక పంపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, బండి నా పేరునుంది, మూడు పెడళ్ళు నేను పెట్టించుకోను, దొరికేదాకా ఆగుతాను అని జిలానీకి వినపడేలా చెప్పింది.

ఏడు వారాలు పట్టింది. విజయవాడలో ప్రమాదం జరిగిన బండొకటి దొరికితే దాన్లోంచి తెచ్చారు. ఆ ఏడు వారాలూ ఆమె ఆటోల్లోనే వెళ్ళిందని, ఆయన కూడా పొద్దున్నే ఆ ఆటోలో ఎక్కి, మిట్ట మీద దిగేటప్పుడు బూటు కింద చెయ్యి పెట్టి దించేవాడని షెడ్డుకొచ్చిన ఆటోవాడొకడు చెబితే విన్నాను. మంచిదే. నాకేం ఒరిగింది? నన్ను విప్పిన ముక్కలు విప్పినట్టే షెడ్డు వెనక తుక్కులో వేశారు. వచ్చేవాళ్ళందరూ నా మీద కాళ్ళు పెట్టి చెప్పులు దులుపుకుంటున్నారు. వారంలో కొలిమికి పోయే లారీ వస్తుందట.

కొత్త గేర్‌బాక్సు బిగించిన రోజు ఇద్దరూ వచ్చారు. జిలానీ పని ముగించి, చేతులు తుడుచుకుని, అలవాటు ప్రకారం కీ తీసుకెళ్ళి మగమనిషి చేతికి ఇవ్వబోయాడు. గౌరీశ్వరరావు చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

“బండి ఆవిడిది. ఆవిడికియ్యి.”

ఆమె కీ తీసుకుంది. బ్రేకు మీద కాలు పెట్టి, లివరు మార్చి, ఒక్క క్షణం ఆగి, షెడ్డు ముందున్న ఎత్తుని ఒక్క కుదుపు లేకుండా ఎక్కి వెళ్ళిపోయింది. ఆయన ఎడమ సీట్లో బెల్టు పెట్టుకోవడం రాక తంటాలు పడుతున్నాడు. ఆ ఒక్క మాట రెండేళ్ళ ముందు అని ఉంటే ఆ బండిలో నేనుండేదాన్ని.